నాయనమ్మ పెట్టిన చుక్క

ఆ రోజుల్లో ఏలూరులో బొమ్మలు వేయడం ఉద్యోగం కింద లెక్క కాదు, జబ్బు కింద లెక్క. పెళ్లయితే తగ్గుతుందన్నారు కానీ మా బాబాయికి పెళ్లయినా తగ్గలేదు. (తేదీల్లో, కూడికల్లో నేను తప్పనని ఇంట్లో నాకు పేరు; కనుక ఇది ముప్ఫైల నడిమి మాటని, అప్పుడు నాకు పదో ఏడని నమ్మవచ్చు.) నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, కొల్లేట్లో దోనె మీద కూర్చున్నట్టు నూనె రంగుల్లో వేశాడు. యూనివర్సిటీ వారు తమ హాలు కోసం బొమ్మలు సేకరిస్తున్నారనీ, ఒక లెక్చరరుగారు చూడ్డానికి వస్తున్నారనీ కబురొచ్చింది. మా నాన్నగారు ఒకటే మాట అన్నారు: "తీసుకుంటే సరే. లేకపోతే సోమవారం నుంచి తాడేపల్లిగూడెంలో బియ్యం కొట్టు గుమాస్తా." బాబాయి ఆ పూట అన్నం కెలికి లేచిపోయాడు.

లెక్చరరుగారిని తీసుకురావడానికి స్టేషనుకు వెళుతూ, "అమ్మడూ, రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఈగను కూడా వాలనివ్వకు" అని నన్ను కాపలా పెట్టాడు. నేను విసనకర్రతో ఈగలనే కాచాను, నాయనమ్మను కాయలేదు. నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి బొమ్మలోని నా కుడి బుగ్గ మీద మిరియపు గింజంత కాటుక చుక్క ఉంది.

"పిల్ల ఊరు దాటి పోతోంది, పదిమంది కళ్లు పడతాయి. దిష్టి తగలదూ?" అంది నాయనమ్మ. నా మొహం చూసి, పోనీ తుడిచేస్తానని పైట చెంగు పెట్టింది. అది ఆముదం కాటుక, కింద తడి రంగు. చుక్కకు తోక వచ్చింది. "సాగితే మరక, గుండ్రంగా ఉంటే చుక్క" అంటూ తోకను కూడా కలుపుకొని గుండ్రంగా దిద్దింది. ఇప్పుడది చింతగింజంత అయింది. వీధిలో జట్కా గంట వినిపించింది. "నువ్వూ పెట్టుకోవే, బొమ్మా పిల్లా ఒకేలా ఉంటే ఎవరడుగుతారు?" అని భరిణె నా చేతిలో పెట్టి తలుపు చాటుకు పోయింది. అద్దంలో చూసి, బొమ్మలో ఏ పక్కనుందో అద్దంలోనూ ఆ పక్కనే పెట్టుకున్నాను.

బాబాయి బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, గోడకు ఆనుకున్నాడు. లెక్చరరుగారు కళ్లజోడు తుడుచుకొని చాలాసేపు చూశారు. నా చెంప మీద చెమట జారుతోంది, తుడుచుకుంటే చుక్క పోతుంది, బాబాయి బియ్యం కొట్టుకు పోతాడు. చివరికి ఆయన, "ఏమ్మా, బొమ్మలో చుక్క కుడి బుగ్గకుంది. నీకు ఎడమ బుగ్గకుందేం?" అన్నారు.

అద్దం చేసిన మోసం నాకు అప్పుడు తెలిసింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు.

తలుపు చాటు నుంచి నాయనమ్మ, "రోజుకో బుగ్గండీ. ఎప్పుడూ ఒక బుగ్గకే పెడితే దిష్టికి అలవాటైపోతుందండీ" అంది.

ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చున్నారు. రంగు ఆరాక బొమ్మను పాత దుప్పటిలో చుట్టించి, చుక్కతో సహా తెప్పించుకున్నారు. బియ్యం కొట్టుకు వేరే గుమాస్తాను చూసుకున్నారు.

మొన్నీమధ్య మనవరాలు నన్ను ఆ హాలుకు తీసుకెళ్లింది. చుట్టూ ఉన్న బొమ్మల్లో రంగులు వెలిసిపోయాయి. నా దోనె వెనక కొల్లేటి నీళ్లూ పాలిపోయాయి, చుక్క మాత్రం నల్లగా ఉంది. కుడి బుగ్గే, సరిచూశాను. కింద చెక్క మీద బాబాయి పేరు ఒక్కటే ఉంది. "ఈ బొమ్మ వేసింది ఇద్దరండీ" అని అక్కడి అధికారికి చెప్పాను. అతను మర్యాదగా పెన్ను తీసి, "రెండోవారి పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నాడు.

నోరు తెరిచాను. మా ఇంట్లో ఆవిడను నాయనమ్మ అనేవారు, అమ్మ అనేవారు, అత్తయ్యగారు అనేవారు. పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, అడగనూ లేదు. ఇంత లెక్కల మనిషిని, ఏం చెప్పను. చెమట పట్టిందేమోనని చెయ్యి ఎడమ బుగ్గ మీదికి పోయింది. తుడుచుకోకుండా దించేశాను.