కింది వీధి దాకా వచ్చిన గీత

మా నీటిపారుదల శాఖ ఆఫీసు నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక సందులోని పాత బంగళాలో ఉండేది. రాష్ట్రం ఏర్పడ్డాక నాన్నగారికి హైదరాబాద్ బదిలీ అయింది. తెనాలి నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. అరవైల మొదట్లో నేను ఆ ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటం మీద గంజి పట్టించిన పల్చని ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనిపించే గీతలన్నిటినీ సిరాతో ఎత్తి గీయడం నా పని. గుడ్డ ఎప్పుడైనా పాడైతే మేం ఆడవాళ్లం పంచుకుని, గంజి పోయేదాకా నానబెట్టి చేతిరుమాళ్లు కుట్టుకునేవాళ్లం.

ఆ ఏడాది మా చేతిలో ఉన్న పని ఒక పాత ఆనకట్ట ఎత్తు పెంచడానికి సంబంధించింది. పెంచితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, ఎన్ని పొలాలు, బావులు, ఇళ్లు మునుగుతాయి, పాత కట్ట ఆ బరువు తట్టుకుంటుందా అన్నవన్నీ తేల్చి ప్రభుత్వానికి నివేదిక పంపాలి. నీళ్లు నిలిచే హద్దును పటంలో నీలం గీతతో చూపిస్తారు. ఆ గీత నేనే గీశాను. ఒక ఊరి ఇళ్లకు కాస్త కిందుగా, వంకర తిరుగుతూ పోయింది. బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

బ్లూప్రింట్ల గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఇరవై ఏళ్లు సర్వే జట్టుతో తిరిగి కొలత గొలుసు లాగిన చైన్‌మన్. మోకాళ్లు అరిగిపోయాక ఆఫీసులోకి మార్చారు. ఒక మధ్యాహ్నం నకళ్లు తీయడానికి నేనిచ్చిన గుడ్డను కిటికీ దగ్గర విప్పి చాలాసేపు చూశాడు.

"అమ్మా, గీ ఊరి పేరు జర చదువుండ్రి."

చదివాను.

"మా ఊరే," అన్నాడు. "నీళ్లు ఇండ్ల కిందనే ఆగుతయా?"

"అవునండీ. ఇళ్లన్నీ పైనే ఉన్నాయి," అన్నాను, శుభవార్త చెబుతున్నట్టు.

ఆయన ముఖంలో సంతోషం లేదు. "మా ఊర్ల ఎక్కడినుంచి ఎత్తులు కొలిచిన్రు?"

చావడి మెట్ల దగ్గర సర్కారు వాళ్లు ఎప్పుడో బాణం చెక్కి నాటిన గుర్తురాయి ఉంది. దాని ఎత్తు ఎంతో పాత రికార్డుల్లో రాసి ఉంటుంది. ఆ ఊళ్లో మిగతావన్నీ దాన్నిబట్టే కొలిచారు. అదే చెప్పాను.

"గా రాయి పై మెట్టుకు ఉండె. చావడి కూలిపోతే మళ్ల కట్టిన్రు. మేస్త్రికి అది సర్కారు రాయని ఏం ఎరుక? కింది మెట్టుల పెట్టిండు. బాణం గుర్తు సుత తలకిందులైంది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రికార్డులో పాత ఎత్తే ఉంది కాబట్టి, రాయి ఎన్ని మెట్లు దిగితే కాగితం మీద ఊరంతా అన్ని మెట్లు ఎక్కినట్టే. అసలు ఊరు మేం గీసినదానికంటే పల్లంలో ఉంది.

"అయితే నీళ్లు..."

"కింది వీధిలకు వస్తయి. మా తమ్ముని ఇల్లు గాడనే."

నివేదిక శనివారానికి వెళ్లిపోవాలి. నాది ఇంకా పర్మినెంటు కాని ఉద్యోగం. ఆ సాయంత్రం బస్సెక్కకుండా ఆబిడ్స్ మీదుగా నడిచి ఇంటికి వెళ్లాను. ఊరకుంటే ఎవరికీ తెలియదన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. ఇల్లు చేరేదాకా నాతోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే బీరువా తెరిచి, సర్వే వాళ్లు ఆ ఊళ్లో రాసుకున్న కొలతల పుస్తకం తీశాను. ఆ రాయి లెక్క దగ్గర, పేజీ అంచున చిన్న బొమ్మ ఉంది. గీత, దానికి తగులుతూ బాణం. బాణం కిందికి చూస్తోంది. పైకి చూడాలి. ఆ బొమ్మను అంతకుముందూ చూశాను. రాసినవాడి అజాగ్రత్త అనుకుని వదిలేశాను.

మా ఇంజనీరు గారికి చెబితే విసుక్కున్నారు. "చైన్‌మన్ మాట మీద పటం మారుస్తామా అమ్మా?" నేను పుస్తకం ఆయన ముందు పెట్టాను. కాసేపు చూశారు. పుస్తకాన్ని తలకిందులు చేసి మళ్లీ చూశారు. తర్వాత నెమ్మదిగా, "ఆయన్ని పిలవండి," అన్నారు. పెద్దాయన రాగానే కుర్చీ చూపించారు. ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు.

నివేదిక ఆగింది. సర్వే జట్టు మళ్లీ వెళ్లి, ఈసారి ఆనకట్ట మీదున్న గుర్తు నుంచి కొలుచుకుంటూ వచ్చింది. పెద్దాయన చెప్పింది నిజమే. పాత గీతను బ్లేడుతో గీకి తీసేశాను. గీకినచోట గుడ్డ గరుకెక్కి సిరా పాకుతుంది. ఊపిరి బిగబట్టి కొత్త గీత గీశాను. కింది వీధి మొత్తం నీలం లోపలికి వచ్చింది. ఇళ్లంటే పటంలో చిన్న చిన్న చదరాలు. పెద్దాయన వచ్చి చూసి, వేలు ఒక చదరం దాకా తెచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

కొన్నాళ్లకు ఆ ఊరినుంచి ముగ్గురు వచ్చారు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారట, కాళ్లనిండా దుమ్ము. వాళ్లలో ఒకరు పెద్దాయన తమ్ముడు. వరండాలో మాట్లాడుకుంటుంటే నా బల్ల దగ్గరికి వినిపించింది.

"అన్నా, నువ్వు నోరు మూసుకుంటే ఏం పోతుండె? గీత మన ఇండ్ల కిందనే ఉంటుండె."

"గీత ఉంటుండె. నీళ్లు ఉంటుండెనా?"

తమ్ముడు కాళ్ల దుమ్ము దులుపుకున్నాడు.

"కాయితంల లేకుంటే మునిగినంక ఎవడొస్తడు? రాసుకుంటే వేరే జాగ ఇయ్యక తప్పదు. ముందుగాలనే ఇండ్లు ఇడిసి లేస్తరు, పిల్లలతోని వానల లేసే గతి రాదు."

"లేసేటోళ్లం మేము. నువ్వు పట్నంల ఉన్నవ్."

పెద్దాయన చాయ్ తాగుదాం రమ్మన్నాడు. ఇద్దరు వెళ్లారు. తమ్ముడు వరండా మెట్ల మీదే కూర్చున్నాడు.

మూడు నాలుగేళ్ల తర్వాత ఆనకట్ట పెంచారు. కింది వీధి వాళ్లకు మిట్టమీద స్థలాలు ఇచ్చారు. నీళ్లు కొత్త గీత దాకా వచ్చాయని మా ఇంజనీరు గారు ఫీల్డు నుంచి వచ్చి చెప్పారు. పని సరిగ్గా చేశామన్న తృప్తి ఆయన గొంతులో ఉంది. నాకూ కలిగింది.

అప్పటికే రిటైరైన పెద్దాయన పెన్షన్ కాగితాల కోసం ఒకసారి వచ్చాడు. తమ్ముడు మాట్లాడుతున్నాడా అని అడిగాను.

"ఔ, మాట్లాడుతున్నడు. ఇల్లు మంచిగనే కట్టుకున్నడు." కాగితాలు సంచిలో పెట్టుకుంటూ అన్నాడు, "కని మిట్టమీద బాయి తవ్వితే ఉప్పునీళ్లు పడ్డయి. మంచినీళ్ల బాయి కింద మునిగింది. ఆడోళ్లు కడవలు పట్టుకొని పక్కూరికి పోతున్నరు."

మునిగే బావులన్నిటినీ లెక్కపెట్టాం. పటంలో ఒక్కొక్కదానికి సున్నా చుట్టింది నేనే. వాటిలో ఏ బావి నీళ్లు ఊరు తాగుతుందో మాలో ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఆయన వెళ్లాక ఇంజనీరు గారి గదికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఆయన ఒక కాగితం మీద రాసుకున్నారు. తర్వాత మరో జలాశయం పని మొదలైనప్పుడు సర్వే జట్టుకు ఇచ్చిన పట్టికల్లో తాగునీటి బావులకు వేరే గడి కనిపించింది. అది మా మాట వల్లే వచ్చిందా అని నేను అడగలేదు. పట్టికలు నిండి తిరిగొచ్చాక ముందు ఆ గడే చూశాను. ఒక ఊరి ఎదుట మాత్రం ఖాళీగా ఉంది. ఆ కాగితాన్ని సర్వే జట్టుకు తిప్పి పంపించాను.