ఖాళీ ఇన్‌హేలర్

ఎం.ఫార్మసీ చదివే రోజుల్లో, అల్లూరులో మా మేనత్త రొయ్యల చెరువు గట్టు మీద జరిగింది ఇది. అత్తకూ నాకూ ఉబ్బసం. మాలాంటివాళ్లలో అడినోసిన్ అనే పదార్థం తన గ్రాహకాలను పట్టుకుంటే శ్వాసనాళాల కండరం బిగుస్తుందని ఆమెకు వివరిస్తున్నాను. అంతలో పనివాళ్లు మేత బస్తా విప్పారు. ఆ దుమ్ముకు నా కండరమే బిగుసుకుంది. ఇన్‌హేలర్ నొక్కితే మందు రాలేదు. వాడే పద్ధతి ఊరందరికీ చూపిస్తూ నేనే ఖాళీ చేశాను. ఊపిరి ఆడడం లేదు.

అత్త తన ఇన్‌హేలర్ ఊపి నా నోట్లో పెట్టింది. "ముందు గాలంతా వదులు అబ్బయా. ఇప్పుడు పీల్చు. పది లెక్కపెట్టు. నాలుగుకే వదిలేస్తే ఎట్టరా?"

అక్షరాలా నేను నేర్పిన మాటలే.

ఊపిరి తిరిగొచ్చాక, "ఆ కండరం సంగతి ఇప్పుడు చెప్పు" అంది.

ఖాళీది ఇప్పుడు పాఠాలకు వాడుతున్నాను. నిండుది జేబులో ఉంటుంది.