న్యాల్‌కల్ తాతకు మత్తెక్కని రోజు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో నర్సింగు సర్టిఫికెట్టు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లకోటు. ఇంకేం కావాలి? మా నాన్న జహీరాబాదు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డ మనిషి. నాకు హైవే పక్కన ఓ ప్రైవేటు ఆసుపత్రిలో, ఎండోస్కోపీ గదిలో పని దొరికిందని (మూడు నెలల ట్రయల్ మీద అన్న సంగతి మింగేసి) కాలనీ అంతా మైసూర్‌పాక్ పంచాడు. కడుపులోకి కెమెరా గొట్టం వేయించుకోవడానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, అచ్చేసిన కాగితం చూసి పది ప్రశ్నలడిగి జవాబులు రాసుకోవడం నా పని. అబద్ధాలాడేవాళ్ళు ఉంటారని నర్సింగు స్కూల్లో చెప్పారు గానీ, నిజం చెప్పి ముంచేవాళ్ళుంటారని ఎవరూ చెప్పలేదు.

మొదటి దెబ్బ చిరాగ్‌పల్లి ఆసామి వల్ల తగిలింది. "పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నారా?" అంటే "ఏం తినలే" అన్నాడు. రాసుకున్నాను. తీరా బల్ల మీద పడుకోబెట్టాక మూడు చాయ్‌లు, అరడజను ఖారీ బిస్కట్ల సంగతి బయటపడింది. "గది తినుడా? రొట్టె తింటెనే తినుడు!" అని నా మీదే గయ్యిమన్నాడు. ఆయన్ను తిరిగి పంపించేశాక మా హెడ్ సిస్టర్ (ఆవిడ నవ్వడం చూశామని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు) నన్ను పిలిచి, "ఇంకొక్కసారి ఇట్లయితే సీదా ఇంటికి పో" అంది. నాకు మైసూర్‌పాక్ తిన్న మొహాలన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

ఆ మరుసటి వారమే వచ్చాడు న్యాల్‌కల్ తాత. తెల్ల ధోతి, తలకు పెద్ద రుమాలు, న్యాల్‌కల్ ఊళ్ళో అల్లం పండించే ఆసామి. రెండు నెలలుగా కడుపునొప్పితో మనిషి సగమయ్యాడు. పెద్దరోగమే, క్యాన్సరేనని ఊరంతా తేల్చేసి, వంతులవారీగా వచ్చి చూసిపోతోందట. వెంట వచ్చిన అవ్వ, ఆయన భార్య, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఈసారి తిండి గురించి చాయ్, బిస్కట్, బెల్లంముక్కతో సహా అడిగాను. తర్వాతి ప్రశ్న, "తాతగారూ, తాగే అలవాటుందా?"

"తాగుడా? రాం రాం! మా ఇంటా వంటా లేదు బిడ్డా."

అవ్వ కూడా తల అడ్డంగా ఊపింది. ఇద్దరు సాక్షులు! "లేదు" అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను.

మా డాక్టరుగారిని వెనకాల అందరం 'నిదానం సార్' అనేవాళ్ళం. ఆయన రెండు మందులు కలిపి ఇచ్చేవారు. ఒకటి కంగారు తగ్గించి మగత తెచ్చేది, జరిగింది మరిపించేది కూడా. రెండోది నొప్పి తగ్గించేది. ఒకదాని బలం ఇంకొకటి పెంచుతుంది కాబట్టి రెండూ కొంచెం కొంచెంగానే పడాలి. "చారులో ఉప్పు లాంటిదమ్మా. చాలకపోతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం" అనేవారు. ఆ రోజూ అలాగే కొంచెం ఇచ్చి ఆగారు. తాత కళ్ళు విప్పార్చి నన్ను చూస్తున్నాడు. ఇంకొంచెం ఇచ్చి ఆగారు.

"మీది ఏ ఊరు బిడ్డా?"

"కాకినాడ దగ్గరండి."

"గంత దూరంకెంచి సూది ఇయ్యనీకి వచ్చినవా?"

సార్ మానిటరు చూస్తున్న సందులో తాత చెవి దగ్గర వంగి, "తాతగారూ, మీకు పుణ్యముంటుంది, నిద్రపోండి. మీరు నిద్రపోకపోతే నా ఉద్యోగం పోతుంది" అన్నాను. (ఇది ఏ పుస్తకంలోనూ లేని వైద్యం.)

"పండుదామనే జూస్తున్న బిడ్డా. వస్తలేదు" అన్నాడు పాపం.

"ఇంకాస్త వేద్దామా సార్?" అన్నాను. సార్ సిరంజి ట్రేలో పెట్టేశారు. "ఎందుకు ఎక్కలేదో తెలియకుండా ఇంకా పోస్తామా? వెళ్ళి అవ్వను మళ్ళీ అడుగు. ఆ కాగితం ఇక్కడ పెట్టి వెళ్ళు."

అవ్వ నన్ను జాలిగా చూసింది. "తాగుడు లేదంటి గద బిడ్డా. కల్లు ఒక్కటే. పొద్దుగాల రెండు సీసలు, పొద్దుమీకి మూడు. గది లేకుంటె ఆయినకు నిద్రనే రాదు."

"మరి ఇందాక అడిగితే లేదన్నారు!"

"నువ్వు తాగుడు అడిగినవ్. కల్లు అడిగినవా?"

సార్ విని తల పంకించారు. కొన్నిచోట్ల కల్లులో నిద్రమాత్రల పొడి కలుపుతారట. రోజూ అది పడే ఒంటికి మన మొదటి మందు ఒక లెక్క కాదు. అలాగని రెండూ పెంచుకుంటూ పోతే ఒక్కసారిగా ఊపిరి మీదికి రావచ్చు. ఆ మాట విన్నాక నాకు ఉద్యోగం సంగతి కాసేపు గుర్తే రాలేదు. నేను గీసిన ఆ రెండు గీతలు ఆ ముసలాయన ప్రాణం మీదికి తెచ్చేవి.

"ఇంకోరోజు మత్తు డాక్టరును పిలిపించి చేద్దాం తాతా" అన్నారు సార్.

"ఇయ్యాల లేస్తె మల్ల రాను సార్. సచ్చినా రాను. సూది లేకున్నా మంచిదే, జేసెయ్యి."

సార్ అవ్వనూ అడిగి, గొంతు మొద్దుబారే స్ప్రే కొట్టి, నిదానంగా గొట్టం దించారు. తాత నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. నాగలి పట్టిన చెయ్యి! ఆయన కళ్ళమ్మట నీళ్ళు, నా కళ్ళమ్మట నీళ్ళు, ఎవరి నొప్పి వాళ్ళది. అయిదు నిమిషాల్లో అయిపోయింది. లోపల ఉన్నది చిన్న పుండు, మందులతో మానేదే. తలుపు దగ్గర ఆ మాట విన్న అవ్వ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

జరిగిందంతా ఫైల్లో నా చేతే రాయించారు సార్. హెడ్ సిస్టర్ అది చదువుకుంటూ తాత మంచం దగ్గరికొచ్చింది. నేను ఇంటికి వెళ్ళే ఆటో గురించి ఆలోచిస్తున్నాను. "తాతా, సూది ఎక్కలేదట గదా. బాగా బాధయిందా?" అంది ఆవిడ.

"బాధనా? నాకేం తెల్వది" అన్నాడు తాత. "గీ బిడ్డ సూది ఇచ్చింది, కండ్లు మూసిన. మస్తు నిద్ర వట్టింది."

హెడ్ సిస్టర్ సార్ వైపు చూసింది. "మొదటి మందుకు మరిపించే గుణం ఉంది కదా" అన్నారు సార్, గోడ వైపు చూస్తూ. ఆవిడ ఫైలు మూసేసి వెళ్ళిపోయింది. ఆ మందు కనిపెట్టిన మహానుభావుడికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

సాయంత్రం తాతను వీల్‌చైర్లో గేటుదాకా తీసుకెళ్ళాను. ఆటో ఎక్కుతూ ఆయన నా కుడిచెయ్యి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"ఏళ్ళు నొస్తున్నయా బిడ్డా? జర గట్టిగ వట్టిన" అన్నాడు మెల్లగా. "ఫికర్ చెయ్యకు. నీ నౌకరీ యాడికీ పోదు."

ఆటో మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు ఆ గదికి హెడ్ సిస్టర్ని నేనే. ప్రశ్నల కాగితంలో కల్లుకు వేరే వరస ఉంది, పక్కన ఎన్ని సీసాలో రాయడానికి చోటు కూడా. ఎవరైనా లేచి కూర్చుని "ఏం తెల్వలే, మంచిగ నిద్ర వట్టింది" అంటే మాత్రం నేను ఇప్పటికీ వాళ్ళ మొహంలోకి ఒకసారి పరకాయించి చూస్తాను. గంజి కోటులో ఉన్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఎదురైతే, "కాగితం పక్కనపెట్టి ముందు మనిషిని చూడవే" అని చెప్పాలని ఉంటుంది. వినేది కాదనుకోండి. దానికి అన్నీ తెలుసు.