కాటారం స్ప్లిట్ డ్యూటీ

జనగామ, మహబూబాబాద్ డిపోలలో చాలాకాలం పనిచేశాక, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైన మరుసటి వానాకాలంలో నన్ను ట్రాఫిక్ సూపర్‌వైజరుగా భూపాలపల్లికి వేశారు. నాకది ఆఖరి పోస్టింగు. మర్నాడు ఏ బస్సు మీద ఏ డ్రైవరు, ఏ కండక్టరు పోవాలో రాసే డ్యూటీ చార్టు నా పని. ఎవరూ మెచ్చుకోని పని అది. మంచి రూటు పడినవాడు అది తన హక్కనుకుంటాడు, పడనివాడు నా మొహం చూడడు.

చార్టులో అందరూ తప్పించుకు తిరిగేది స్ప్లిట్ డ్యూటీ. పొద్దున పల్లెల పిల్లలను కాటారం కాలేజీకి చేర్చాలి, సాయంత్రం వాళ్లను మళ్లీ ఊళ్లలో దింపాలి. మధ్యలో బస్సు కాటారంలోనే ఆగుతుంది. ఆ మధ్యాహ్నం పని కింద లెక్కకు రాదు, ఇంటికి పోయే వీలూ ఉండదు. నాతో వాదించినవాళ్లకే ఆ డ్యూటీ పడుతుందని డిపోలో ఒక మాట ఉండేది. పూర్తిగా అబద్ధమని చెప్పలేను.

అలాంటి డ్యూటీని అడిగి తీసుకున్న మనిషి నా సర్వీసులో ఒక్కరే. పేరు బానోతు సునీత. ఘనపూర్ పక్క తండా నుంచి వచ్చే కండక్టరు. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. అన్నీ పాసై అర్థశాస్త్రం ఒక్కటి మిగిలింది. అందులో రెండుసార్లు తప్పింది. రిజిస్ట్రేషన్ గడువు ఆ ఏటితో తీరిపోతుంది. ఈసారీ తప్పితే పాసైనవి కూడా పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి చదవాలి.

"ఇంటికి పోతే పిల్లలు, పొయ్యి. బస్సు నడిస్తే జనం. గా కాటారంల ఆగినప్పుడైతెనే జర చదువు సాగుతది సార్. పరీక్షదాంక నాకు గదే ఇయ్యుండ్రి" అంది.

నాకు ఒక తలనొప్పి తగ్గుతుంది కనుక సంతోషంగానే విన్నాను. కానీ మా డిపోలో డ్రైవరూ కండక్టరూ జోడీగానే చార్టు ఎక్కుతారు. ఆమె జోడీ యాకయ్య. పొద్దటి డ్యూటీ ముగించుకొని మధ్యాహ్నానికి తన పత్తిచేనులో ఉండే మనిషి. పిలిచి అడిగితే, "చెల్లె చదువుకుంటె మంచిదే. నా చేను ఎవలు చూస్తరు?" అన్నాడు. ఆర్డరు వేస్తే కాదనలేడు. అయితే మొహం మాడ్చుకున్న డ్రైవరు చేతికి పిల్లల బస్సు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పరీక్ష దసరా లోపే అని తెలిశాక, దసరా దాటితే ఒక్కరోజు కూడా చెయ్యనని షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

తనిఖీకి వెళ్లినప్పుడు చూశాను. ఆగిన బస్సులో ముందు సీట్లో ఆమె చదువు, వెనక సీట్లో అతని గురక. గిరాకీ, ధర అంటూ ఆమె పైకి చదువుతుంటే, పత్తి ధర ఎందుకు పెరగడం లేదో అందులో రాశారా అని ఒకరోజు అతను అడిగాడట. ఆమె చదివి వినిపించింది. ఆ లెక్క యాకయ్య ఒప్పుకోలేదు.

తీరా పరీక్ష వాయిదా పడింది. దసరా వెళ్లింది. యాకయ్య నా గదికి వచ్చాడు.

"పత్తి పగిలింది సార్. వాన పడ్డదంటే నల్లగైతది. కూలోళ్లు దొరుకుతలేరు. నన్ను నా రూట్ల ఎయ్యుండ్రి."

అతనన్నది న్యాయం. ఆ డ్యూటీకి ఇంకో డ్రైవరెవరూ ముందుకు రాలేదు. యాకయ్య పాత రూటుకు పోతే జోడీగా ఆమే పోవాలి, చదువు సాగదు. సునీతను పిలిచి ఉన్నమాట చెప్పాను. ఆమె నన్ను బతిమాలలేదు. గడపలో నిలబడ్డ యాకయ్య వైపు తిరిగింది.

"అన్నా, వారం వారం నా సెలవునాడు నీ చేన్ల పత్తి ఏరుత. బదులు అనుకో. నువ్వు బస్సు నడుపు."

కూలి లేకుండా ఒకరి చేనుకు ఒకరు పోయి పని తీర్చుకోవడాన్ని ఇక్కడ బదులు అంటారు. చేనుకు బదులు బస్సు నడపడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. "ఒక్కదానివి ఏం ఏరుతవు, మీ అమ్మను గూడ తీస్కరా" అన్నాడు యాకయ్య. బేరం అక్కడ తెగింది.

పరీక్ష అయ్యేదాకా తల్లీకూతుళ్లు ప్రతి సెలవునాడూ ఆ చేనుకు పోయారు. పత్తికాయల మొనలు గీరిన వేళ్లతోనే ఆమె పరీక్ష రాసింది. మర్నాటి చార్టులో యాకయ్యను పాత రూటులో వేశాను. అతను తన పేరు సరిచూసుకొని మరీ వెళ్లాడు.

ఫలితం వచ్చిన సంగతి నాకు చెప్పింది కూడా అతనే. "పాసైనం సార్" అన్నాడు. నాకు నిజంగా సంతోషమైంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, డ్యూటీ మార్చమని ఎవరు వచ్చినా నేను వెంటనే చార్టు తెరవలేదు. ముందు నీ జోడీతో మాట్లాడి రా అనేవాణ్ణి. ఒకరికి ఇచ్చే వెసులుబాటు ఇంకొకరి రోజులోంచే తీయాలి. అది ఏ బదులుకు కుదురుతుందో ఆ ఇద్దరే తేల్చుకోవాలి, సూపర్‌వైజరు రాసి పెడితే చాలు.