మొదటి పేజీలో నా బ్లాగు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. మేం కర్మన్‌ఘాట్‌లో ఉండేవాళ్లం. ఇంట్లో కూర్చునే సంపాదించుకోవచ్చంటే నమ్మి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫీజు కట్టి బ్లాగింగ్ కోర్సులో చేరాను. నెట్‌లో వెతికినవాళ్లకు మన బ్లాగే ముందు కనబడేలా చేయడం నేర్పుతామన్నారు.

కుండీల్లో ఆకుకూరల పెంపకం మీద నేను రాసిన బ్లాగు అక్కడి కంప్యూటర్లలో అన్నిటికంటే పైన వచ్చేది. మా వీధి నెట్ సెంటర్లో పది పేజీలు తిప్పినా కనబడలేదు. బ్యాచ్ అంతా రోజూ దాన్నే తెరుస్తుంటే ఆ కంప్యూటర్లు దానికి అలవాటుపడిపోయాయని అప్పుడు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకైతే అసలే చెప్పలేదు.

బస్సులు తిరగని ఓ రోజు సార్ కొత్తవాళ్లకు డెమో పెట్టారు. నన్ను ముందుకు పిలిచి, తెర మీద నా బ్లాగు చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అయ్యాక మీర్‌పేట్ నుంచి నడిచొచ్చిన ఓ అమ్మాయి చున్నీతో చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, సార్ మాట ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు, చేరమంటవా?"

వద్దంటే నేను మోసపోయానని ఒప్పుకోవాలి.

"చేరమ్మా" అన్నాను.

అక్కడే నిలబడి ఫారం నింపింది. 'ఎవరి ద్వారా తెలిసింది' అన్నచోట నా పేరు అడిగి రాసుకుంది. మధ్యలో పెన్ను రాయకపోతే నాదే ఇచ్చాను. సిగ్గుగానీ భయంగానీ ఏమీ అనిపించలేదు.

అలాంటి కోర్సులో చేరొచ్చా అని ఇప్పుడు ఎవరడిగినా దండగని చెప్పేస్తాను. చెప్పాల్సింది ఆ రోజు.