చెప్పుల కావలి

శుక్రవారం పొద్దున్నే, కాలికి ఇనప కమ్ముల కేలిపర్ బిగించుకుంటాంటే ఫోనొచ్చింది. డ్రిల్ మేష్ట్రు పోయినాడంట. ఫోను చేసినామె ఇంగా ఏమేమో చెప్తానే ఉండాది, నా చేతిలో బెల్టు అట్లనే ఉండిపోయింది. నాకు మొదట వచ్చింది ఏడుపు గాదు, కోపం. ఇంగ రెండు దినాలు ఆగింటే మీకేం పోయేది సార్? ఆదివారం వస్తానని మాటిచ్చినారు గదా!

ఆ ఆదివారం సంగతి మీకు అర్థం కావల్లంటే, ముందు చెప్పుల సంగతి చెప్పల్ల.

నాకు రెండేండ్లప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. బళ్లారి పక్కన కురుగోడులో మా ఇస్కూల్లో డ్రిల్ పీరియడ్ వచ్చిందంటే ఆడపిల్లోళ్ళంతా యాపచెట్టు కింద చెప్పులు ఇడిచి గ్రౌండులోకి ఉరుకుతాండ్రి. నన్ను ఆ చెప్పుల కాడ కూర్చోబెడతాండ్రి, కావలికి. ఒకటో క్లాసు నుంచి ఏడో క్లాసు దాకా నా ఆట అదే. ఎవరి చెప్పుకు బొటనేలు దూర్చే ఉంగటం తెగిందో, ఎవరిది వాళ్ళక్క పాత చెప్పో, అన్నీ నాకు తెలుసు. పాపం, ఎవరూ చెడు తలచి చేసింది గాదు. పడతానేమో అని భయం వాళ్ళకు. నాకు మాత్రం ఆ నలభై నిమిషాలు ఎప్పుడైపోతుందా అని ఉంటాండె.

ఎనిమిదో క్లాసులో ఈ మేష్ట్రు వచ్చినాడు. పొట్టి మనిషి, బొంగురు గొంతు. జేబులో ఎప్పుడూ ఏంచిన శెనక్కాయలు, రోంత బెల్లం. గెలిచినోళ్ళకు ఏమీ ఇచ్చేవాడు గాదు, ఓడిపోయినోళ్ళకు పెట్టేవాడు. "గెలిచినోళ్ళకు కడుపు నిండే ఉంటాదమ్మా" అంటాండె. బాలుకు గాలి కొట్టే సూదిని నోట్లో పెట్టుకోని తడిపేవాడు. మేము ఎంగిలి బాలు, ఎంగిలి బాలు అని నవ్వుతాంటిమి.

మొదటి దినమే చెట్టు కింద నన్ను చూసినాడు. మర్నాడు వచ్చి తన మెడలో విజిల్ తీసి నా మెడలో ఏసినాడు. "ఇంగ నువ్వే రెఫరీ. చెప్పులు యాడికీ పోవు, లేమ్మా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టిరి. ఆయప్పకు గూడ శానా మంచి పని చేసినానని సంతోషం, మొగంలో తెలుస్తాండె.

నేనేం చేస్తి? బాలు ముట్టుకుంటే విజిల్ ఊదితి. ముట్టుకోకపోతే ఊదితి. లైను మీద పడినా ఫౌలే, లోపల పడినా ఫౌలే. పావుగంటలో ఆట మొత్తం నిలబడిపోయింది. పిల్లోళ్ళు నన్ను తిట్టేకి మొదలుపెట్టిరి.

"ఏందమ్మా ఇది?" అని వచ్చినాడు.

"నాకు విజిల్ వద్దు సార్. బాలు కావల్ల."

అట్ల ఒక మేష్ట్రుతో మాట్లాడింది అదే మొదటిసారి. విజిల్ తీసి ఆయన చేతికిస్తి. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటా పోయినాడు.

ఆ తర్వాతి డ్రిల్ పీరియడ్లో గ్రౌండు నడిమధ్య నిలబడి విజిల్ ఊది, "ఎల్లారూ కూత్కొళ్ళి! అందరూ కూర్చోండి!" అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరిచినాడు. త్రోబాల్ నెట్టును కిందికి దించి, కూర్చున్నోళ్ళ తలకు రోంత పైన కట్టినాడు. మడమతో గీత గీసి చెప్పినాడు: "అదే ఆట. కాకపోతే పిర్ర నేల ఇడిస్తే పాయింటు పోయినట్లే."

అయ్యో, ఆ పొద్దు చూడల్ల మీరు! క్లాసులో అందరికన్న బిరాన ఉరికే పిల్ల, కూర్చున్నచోట ఎట్ల కదలల్లో తెలీక బోర్లా పడె. నాకా? చిన్నప్పటినుంచి ఇంట్లో చేతుల మీద జరిగిన దాన్ని. ఈ పక్కకు ఒక జరుగు, ఆ పక్కకు ఒక జరుగు, బాలు యాడికి వస్తే ఆడ నేనుంటి. లంగా అంతా ఎర్రమన్ను. ఇంటికి పోతే మా యమ్మ తిట్టింది. తిడతానే నీళ్ళు పోసి కడిగింది, కడుగుతా ఏడ్చింది.

పడేది గూడ నేర్పించినాడు నాకు. మోచెయ్యి ఎట్ల ఆనించల్ల, తల ఎట్ల ఎత్తుకోవల్ల, ఇట్లాంటివన్నీ. "పడతావని అందరూ భయపడతారు, పడిన్యాక ఏం చేయల్లో ఎవరూ చెప్పరు" అంటాండె. ఆ ఆటతో వచ్చిన భుజాల బలమే నాకు తర్వాత కూడు పెట్టింది. బస్సు మెట్లు ఒక్కదాన్నే ఎక్కగలిగినాను, బళ్లారిలో ఆఫీసు పనికి రాగలిగినాను. గాంధీనగర్‌లో ఇల్లు తీసుకున్యాక, పక్కనున్న ఎర్రమన్ను గ్రౌండులో ఆదివారం పొద్దున ఆటకు ఆడోళ్ళను జమ చేస్తి. ఒకామెకు చెయ్యి పొట్టి, ఒకామెకు మోకాళ్ళు అరిగిపోయినాయి, మిగిలినోళ్ళు అన్నీ సరిగ్గా ఉన్నోళ్ళే. అందరం కూర్చునే ఆడతాం.

మేష్ట్రు గూడ రిటైరై మా పక్కవీధికే వచ్చినాడు. రెండేండ్ల కింద లకవా కొట్టి ఆయన ఎడమపక్క పడిపోయింది. రోంత కోలుకోని కాలు ఈడ్చుకుంటా ఇంట్లో తిరిగేవాడు. వరండా దాటేవాడు గాదు. పాత పిల్లోళ్ళు ఎవరన్నా వస్తే మొగం గోడకు తిప్పుకునేవాడు. ఊరందరినీ ఉరికించిన మనిషి ఆయన!

నేను ప్రతి ఆదివారం ఆట అయిపోయిన్యాక పోతాంటి. "గ్రౌండుకు రాండి సార్" అంటే, "వచ్చి ఏం చేయల్లమ్మా, చెప్పులు చూసుకోవల్లా?" అని నవ్వేవాడు. అది నవ్వు గాదని నాకు తెలుసు.

ఒకసారి నాకు బుద్ధి మందగించింది. కొత్త విజిల్ కొనుక్కోని పోయి ఆయన చేతిలో పెడితి. "మీరు రెఫరీగా రాండి సార్. కుర్చీ ఏపిస్తా" అంటి.

ఆయన మొగం నల్లబడిపోయింది. "నాకు విజిల్ ఇస్తావా నువ్వు?" అని విసిరేసినాడు. అది పోయి వాకిట్లో పడింది. అప్పటిగ్గాని నాకు తెలియలే. ఆయన నాకు చేసిన తప్పే, అచ్చం అదే, నేను ఆయనకు చేస్తి!

తర్వాతి ఆదివారం బాలు తీసుకుపోయి ఆయన ఒళ్ళో పెడితి. దాన్ని కుడిచేత్తో నిమిరినాడు. ఉన్నట్టుండి విసిరినాడు. బాలు పోయి తగిలి పూలకుండీ రెండు వక్కలైంది. లోపలనుంచి మేష్ట్రమ్మ, ఆయన భార్య, "ఏం రోగమొచ్చె మీకు!" అని అరుచుకుంటా వచ్చింది. ఆయన మాత్రం నాపక్క తిరిగి, "వచ్చే ఆదివారం వస్తా. చూసేకి గాదు, ఆడేకి" అన్నాడు.

అది ఆదివారం. శుక్రవారానికి లేడు.

ఆ పొద్దు ఇంటికాడ జనం కిక్కిరిసిపోయిండ్రి. ఎవరో పెద్దాయన కనికరంతో వాకిలి పక్కన నాకొక స్టూలు ఏసినాడు. "లోపల నిలబడేకి కష్టం గానీ, ఈడ కూర్చోమ్మా" అన్నాడు. కూర్చోని చూస్తే చుట్టూ చెప్పులే. ఎన్నేండ్ల తర్వాత, మల్ల అదే చోటు! నవ్వొచ్చింది. ఇది చెప్పుకోని నవ్వాల్సిన మనిషి లోపల పండుకోనుండె.

చెప్పులు చూసే అలవాటు ఒకసారి వస్తే పోదు. గోడవార ఆయన జత కనపడింది. కాలు ఈడ్చి ఈడ్చి ఎడమదాని ముందుభాగం అరిగిపోయింది. ఆ అరిగినచోట ఎర్రమన్ను, అదీ కొత్తది. వరండా అంతా సిమెంటే గదా. ఈ మన్ను యాడిది?

మేష్ట్రమ్మ బయటికొచ్చినప్పుడు చెయ్యి పట్టుకోని అడిగితి. చెంగుతో మొగం తుడుచుకుంటా చెప్పింది.

"సోమవారం నుంచి పొద్దున్నే నన్ను ఎంటబెట్టుకోని గ్రౌండుకు పోతాండె తల్లీ. నేలమీద కూర్చునేది, లేచేది నేర్చుకుంటాండె. లేచేకి చేతగాక నా భుజం పట్టుకునేవాడు. నీకు చెప్పొద్దన్నాడు, నవ్వుతావంట."

నవ్వుతానంట! ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా పక్కన ఆ మన్నులో కూర్చోనింటే సార్, నేనే బాలు ఇస్తాంటిని గదా మీకు.

మధ్యాహ్నం ఆయన్ను తీసుకపోయేటప్పుడు దోవ కోసమని ఎవరో చెప్పులన్నీ ఒకపక్కకు తోసేకి వచ్చిరి. ఆ ఒక్క జత నా కాళ్ళకాడికి లాక్కుంటి. మన్ను రాలకుండా, మెల్లిగా. జనం ఎవరి చెప్పులు వాళ్ళు ఏసుకోని శవం ఎనక పోయిరి. వాకిలి ఖాళీ అయ్యింది. నన్నెవరూ కావలి కూర్చోమని చెప్పలే. నేనే కూర్చుంటి, ఎండ ఆ జత మీదికి వచ్చిందాకా.