పైలం అన్న పాపానికి

మా బడిలో లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా. నేను చెప్పేది సోషల్, కానీ ఆ బీరువా తాళం చెవి నా మెడకు పడింది కాబట్టి లైబ్రేరియన్‌ని కూడా నేనే. సుల్తానాబాద్ నుంచి ఆటోలో అరగంట దూరం మా బడి ఉన్న ఊరు. ఏటా ఏప్రిల్ చివర్లో తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి, ఎండాకాలం సెలవుల్లో చదవండని పుస్తకాలు పట్టుకుని బతిమాలేదాన్ని. "సెలవులల్ల గూడ సదువుడేనా మేడం!" అని నవ్వేవాళ్లు. మొహమాటానికి తీసుకుపోయినవాళ్లు జూన్‌లో పుస్తకం ఎక్కడుందో కూడా చెప్పలేకపోయేవాళ్లు. హెడ్మాస్టరు మాత్రం "పోయినవాటికి జవాబు మీరే చెప్పుకోవాలె మేడం" అని నన్ను తినేసేవారు.

అందుకే నాకు నోటి దురుసు ఎక్కువైంది. పుస్తకం ఇస్తూ "పైలం!" అని గద్దించేదాన్ని. జాగ్రత్త అని అర్థం. మా దిక్కు బస్సెక్కే మనిషికీ పైలమే, చేతికిచ్చిన పాలగిన్నెకూ పైలమే. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.

ఆ ఏడు నా ఆశంతా ఒక్క పిల్ల మీదే. తొమ్మిదికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కునేది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. ఏప్రిల్ నాటికి వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక పేజీ దాకా లాగేది. లాగాక నా వైపు ఒక చూపు చూసేది చూడండి, ఆ పూటకు నా కడుపు నిండిపోయేది.

వాళ్ల బాపు మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో మాట వాళ్ల అవ్వదే, అంటే తల్లిదే. ఆమె బీడీలు చేస్తుంది, ఆమెకు అక్షరం ముక్క రాదు. పిల్లను బడి మానిపిస్తుందని తెలిసి పిలిపించాను.

"తొమ్మిదేండ్ల సంది పోతున్నది, కాయితం మీది మాట సదువరాదు. ఇంకెందుకు మేడం? బీడీల చాట ముంగట కూసుంటె చేతికి పనన్న వస్తది" అంది.

బతిమాలాను, కసిరాను, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్ల ఆమె ముందు ఒక పేజీ తడబడకుండా చదవాలి. చదివితే పదో తరగతికి పంపుతుంది, లేకపోతే బీడీలకు కూర్చోబెడుతుంది. బీరువాలో అన్నిటికన్నా మంచి పుస్తకం ఏరాను. బొమ్మల కథలు, పెద్ద అక్షరాలు, కొత్త వాసన కూడా పోలేదు. తల్లి చేతిలోనే పెట్టాను. అలవాటు ఊరుకుంటుందా! "పైలం అక్కా, సర్కారు పుస్తకం" అన్నాను.

సెలవులకు మంచిర్యాలలో మా ఇంటికి వెళ్లి కూలర్ ముందు కూర్చున్నాను. మే నెలలో ఒకసారి ఫోన్ చేస్తే తల్లి ఎత్తింది.

"పుస్తకం ఎట్లున్నదక్కా?"

"మస్తు పైలంగున్నది మేడం, ఫికర్ చేయకుర్రి."

పొంగిపోయాను. పిల్లకు ఫోన్ ఇమ్మని అడగాలని కూడా తోచలేదు. ఎంత తెలివి నాది!

జూన్‌లో ఇద్దరూ వచ్చారు. తల్లి సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన పుస్తకం తీసి విప్పింది.

"సూడుర్రి మేడం, ఒక్క మరక లేదు. ఆ దినమే సందుగు పెట్టెల పెట్టి తాళమేసిన. ఈ పిల్ల ఇయ్యి ఇయ్యి అని ఒకటే ఏడ్సింది. బీడీల తంబాకు చేతులతోని ముట్టుకుంటె ఖరాబైతదని ఇయ్యలే."

ఆమె ముఖం గర్వంతో వెలిగిపోతోంది. పిల్ల పేజీ తెరిచి వేలు పెట్టింది. వేలి కొసన తునికాకు కత్తిరించిన కత్తెర గాట్లు. మొదటి మాట అంది, రెండో మాట దగ్గర ఆగింది, మళ్లీ మొదటికి వెళ్లింది. నేను అందించబోయాను.

"మీరు చెప్పకుర్రి మేడం" అని తల్లి ఆపింది.

నాకు కోపం ఆగలేదు. "రెండు నెలలు తాళమేస్తె ఎట్లొస్తది? సదువుమని ఇచ్చిన్నా, దాచుమని ఇచ్చిన్నా?" అని అరిచాను.

ఆమె బిత్తరపోయింది. "మీరే పైలమంటిరి గద మేడం" అంది.

ఇంకో నెల గడువివ్వమని ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె కొంచెం మెత్తబడి, ఏమంటావన్నట్టు కూతురి వైపు చూసింది కూడా. ఆ పిల్లే తల వంచుకుని, "మా అవ్వను ఏమనకుర్రి మేడం. నాకే సదువు రాదు" అంది.

ఏడుపొచ్చింది నాకు. పుస్తకం పిల్ల ఒళ్లో పెట్టి, "ఇది నీకే. చింపుకో, మరకలు చేసుకో, ఎవ్వరేమనరు" అన్నాను. ఆ పిల్ల తెరిచిన పేజీ మూసి, చీరముక్కతో అట్ట తుడిచి, నా బల్ల మీద పెట్టింది.

"వద్దు మేడం" అంది. "నా దగ్గరుంటె ఖరాబైతది."